గృహవిజ్ఞానమును జీవనోపాధియును

గృహవిజ్ఞాన శాస్త్రమనగా వంటయు కుట్టుపనియు నని మనలో పెక్కుమంది తలంచుచున్నారు. వంట తల్లి నేర్పును, కుట్టు వీధిచివరనున్న దర్జీ నేర్పును. దానికి బడిలో గంటలు వెచ్చించుట యెందులకని తలిదండ్రులు అడుగుచున్నారు. ఈ సంవత్సరపు తలిదండ్రుల సభలో ఒక తండ్రిగారు లేచి, "పంతులమ్మగారూ, మా అమ్మాయికి ఆవకాయ పెట్టడం వాళ్ల నాయనమ్మ నేర్పుద్ది. మీరు ఆ రెండు గంటలూ లెక్కలు చెప్పించండి" అనిరి. సభవారు నవ్విరి, నేనును నవ్వితిని. అయినను ఆ మాటను నవ్వుతో విడిచిపెట్టుటకు వీలులేదు. వారమునకు రెండు గంటల ఈ పాఠమును తీసివేసి, ఆ కాలమును ప్రవేశపరీక్షల లెక్కలకు కేటాయింపవలెనను ఆలోచన మన పాఠశాలలో నిజముగానే నడుచుచున్నది. అది తగదని నా అభిప్రాయము. అంతేకాదు, ఈ పాఠము బాలురకును చెప్పవలెనని నా కోరిక.

ఈ శాస్త్రమునకు పునాది వేసిన ఎలెన్ స్వాలో రిచర్డ్సు అను నామె రసాయన శాస్త్రజ్ఞురాలు. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున 1873లో పట్టమందిన మొదటి స్త్రీ ఆమెయే. త్రాగునీటిని, అంగడిలో నమ్ము ఆహారపదార్థములలోని కల్తీని పరీక్షించుటలో ఆమె జీవితము గడచినది. 1899లో లేక్ ప్లాసిడ్ అను ఊర ఆమెయు ఆమె సహచరులును కూడి, యింటిపనికి శాస్త్రజ్ఞానమును జోడించుట యెట్లని చర్చించిరి. ఆ దేశమున 1994లో దీనికి కుటుంబ, వినియోగదారుల శాస్త్రములని పేరు మార్చిరి. మన దేశములో ఢిల్లీలోని లేడీ ఇర్విన్ కళాశాల 1932లో స్థాపింపబడెను. మన ఆచార్య రంగాగారి పేరనున్న వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు గృహవిజ్ఞాన కళాశాలను ఇప్పుడు కమ్యూనిటీ సైన్సు కళాశాల యనుచున్నారు. అది గుంటూరునొద్ద లాంలో నున్నది. పేళ్లు ఎన్ని మారినను, యింటిలోనికి వచ్చు ప్రతి వస్తువును కొలిచి, తూచి, పరీక్షించి చూడుమనుటయే యీ శాస్త్రము చెప్పు మాట.

ఇక మన మార్టూరు చుట్టుపట్ల చూడుడు. జిల్లా పేరు మన పెద్దల నాడు గుంటూరు, మా చిన్ననాడు ప్రకాశము, 2022 నుండి బాపట్ల. పేరేదైనను నేల నల్లరేగడియే, పంట పత్తియు మిరపయునే. సంక్రాంతి దాటినది మొదలు కల్లములన్నియు ఎఱ్ఱగా పరచియుండును. ఆ కాయ సరిగా ఎండకమునుపే మంచు పడినను, వాన తడిపినను, తేమతోనే గోనెలలో త్రొక్కి కట్టినను దానిపై ఒక బూజు పుట్టును. ఆ బూజునుండి అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. అది కాలేయమునకు చేటు. కడిగినను పోదు, వండినను పోదు, కంటికి కనబడదు. పరదేశపు కొనుగోలుదారుడు పరీక్ష చేయించి సరుకును త్రిప్పి పంపును. మన యింటి కారపు డబ్బాలోని దానిని ఎవరు పరీక్షింతురు? మంచికాయను ఎగుమతికి అమ్మి, తాలుకాయను ఇంటికి దంపించుకొను అలవాటు మనలో కలదు. ఈ సంగతి ఎఱిగిన యిల్లాలు ఆ పని చేయదు.

కల్తీ సంగతి ఇంకొకటి. మైనములకును బూటుపాలిషునకును వాడు సూడాన్ అను ఎఱ్ఱరంగు మన దేశపు కారములో కలిసియున్నదని 2003లో ఐరోపావారు కనుగొనిరి. 2005 ఫిబ్రవరిలో ఇంగ్లాండులో అట్టి కారము కలిసిన ఆహారపదార్థములు నాలుగువందలకు పైగా అంగళ్లనుండి తీసివేయబడెను. ఎవడో కొలది లాభమునకు రంగు కలిపెను. నమ్మకము పోయినది మాత్రము మన మిరపకంతటికిని. నేడు గుంటూరు యార్డు చుట్టునున్న కోల్డుస్టోరేజీలకు, కారపు మిల్లులకు, ఎడ్లపాడునొద్దనున్న సుగంధద్రవ్యముల పార్కునకు కావలసినవారు ఎవరు? నమూనా తీయుట, తేమ కొలుచుట, శుభ్రత కాపాడుట, చీటీపై వ్రాసినది నిజమగునట్లు చూచుట తెలిసినవారు. ఈ పాఠములు మొదలుకావలసినది మన బడి గదిలోనే, కాయలను నేలపై గాక పట్టాపై ఎండబెట్టుట యెందులకను ప్రశ్నతోనే.

పత్తి మాటయు నిట్టిదే. ఒక నూలుపోగును నిప్పునకు చూపిన కాగితమువలె కాలి మెత్తని బూడిదయగును. పాలియెస్టరు పోగు కరగి గట్టి పూసయగును. అర నిమిషపు పరీక్ష ఇది. పత్తి పండించు రైతుల బిడ్డలు నూలుబట్టయని నమ్మి కలనేత బట్ట కొనుచున్నారు.

అన్నిటికన్న ముఖ్యమైనది పురుగుమందు డబ్బాపై చీటీ. దానిపై ఒక చదరపు గుర్తును, దాని క్రిందిభాగమున రంగును ఉండును. ఎఱుపు మిక్కిలి తీవ్రమైన విషము, పసుపు దాని తరువాతిది, నీలము మధ్యరకము, ఆకుపచ్చ తక్కువది. చట్టము చేసిన యేర్పాటిది. తొమ్మిదవ తరగతిలో నేనీ రంగుల అర్థమడుగగా చెప్పగలిగినవారు నలుగురే. అందరును ఆ డబ్బాలను ఇండ్లలో చూచినవారే. ఆకుపచ్చ యనగా పైరుకు మంచిదని అర్థమని ఒక బాలుడు చెప్పెను! మందు కొట్టి వచ్చిన తండ్రి చొక్కాను బిడ్డల బట్టలతో కలిపి ఉతుకుట, ఖాళీయైన డబ్బాను కడిగి నీళ్లకు వాడుట మన పల్లెలలో నేటికిని కలదు. చదువుకున్న యిండ్లలోనే కలదు. లెక్కలలో నూటికి నూరు తెచ్చుకొన్న పిల్లవాడికి ఈ చీటీ చదువుట రాకున్న, ఆ నూరు మార్కులు ఆ యింటిని కాపాడునా?

నేనీ పాఠమును గొప్పది చేయుటకై దాని దోషమును దాచను. మనబోటి మిషను బడులవారు తప్పక తెలిసికొనవలసిన కథ యొకటి కలదు. పశ్చిమగోదావరి జిల్లా నరసాపురము ప్రాంతమున 19వ శతాబ్దపు మధ్యకాలములో మిషనరీలు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. బీద స్త్రీలకు గౌరవమైన జీవనము కల్పింపవలెనని వారి తలంపు. ఆ పని వేలాది యిండ్లకు ప్రాకెను, విదేశములకు ఎగుమతియయ్యెను. తరువాత ఏమైనదో జర్మను దేశపు విదుషి మరియా మీస్ 1982లో అచ్చయిన తన గ్రంథమున విపులముగా వ్రాసెను. అల్లువారు స్త్రీలు, వర్తకులు పురుషులు. ఒక్కొక్క స్త్రీ ఒక్కొక్క భాగమునే అల్లును గనుక పూర్తియైన వస్తువు ఏ ధరకు పోవునో ఆమెకు తెలియదు. దినమెల్ల అల్లినను ఆమెను పనివారి లెక్కలో చేర్చలేదు. తీరికవేళ చేయు గృహిణి యనిరి. తీరికపని యనిన తరువాత కూలి ఎందుకు పెరుగును? ఆ లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది, సంతోషమే. కాని అల్లిక నేర్పినవారు దానితోపాటు వెల కట్టుట కూడ నేర్పియుండిన ఆ స్త్రీల కథ వేరుగా నుండెడిదని నాకు తోచుచున్నది.

కాబట్టి నా తరగతిలో ప్రతి పనికిని లెక్క వ్రాయింతును. ఇద్దరు కూడి పది కిలోల ఆవకాయ పెట్టిరని అనుకొందము. సరకులకు 1,800 రూపాయలు; సీసాలకు, చీటీలకు 300. కిలో 250 చొప్పున అమ్మిన 2,500 వచ్చును. మిగులు 400. ఇంతవరకు బాలికలందరును సంతోషముతో వ్రాయుదురు. అప్పుడు, ఇద్దరును కలిసి ఎన్ని గంటలు పనిచేసిరని అడుగుదును. మనిషికి ఆరు గంటలు, వెరసి పండ్రెండు. గంటకు 33 రూపాయలు! మిరపకోతకు పోవు మీ పెద్దమ్మ కూలితో దీనిని పోల్చి చూడుడనగా తరగతి నిశ్శబ్దమగును. ధర పెంచవలెనా, సరకులు టోకున కొనవలెనా, పని త్వరగా నగు ఉపాయము చూడవలెనా, లేక ఈ వ్యాపారమే వలదా యని అప్పుడు చర్చ మొదలగును. ఇంటిలో చేసి అమ్మినను ఆహారభద్రత చట్టము క్రింద నమోదు చేయించుకొనవలెను; తూకములో గాని నాణ్యములో గాని మోసపోయిన కొనుగోలుదారునికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము దిక్కు. ఇవియు ఆ చర్చలోనే వచ్చును. ఇది లెక్కలు కాదా? నాయనమ్మ ఆవకాయ నేర్పును, నిజమే. తన చేతిపనికి వెల కట్టుట ఆమెకును ఎవరును నేర్పలేదు.

బాలుర మాట. 1964–66 నాటి కొఠారీ కమిషనువారు, గృహవిజ్ఞానమును ఐచ్ఛికముగా నుంచవలెనే గాని బాలికలకు నిర్బంధము చేయరాదనిరి. అంతకుముందు హంసా మెహతాగారి అధ్యక్షతను కూర్చున్న సంఘమువారును బాలబాలికలకు వేరువేరు చదువులు తగవనిరి. దీనిని కొందరు పాఠమును తీసివేయుటకు ఆధారముగా చూపుచున్నారు. బాలికలపైనున్న నిర్బంధమును తొలగించుట న్యాయమైనప్పుడు, బాలురకున్న నిషేధమును తొలగించుటయు న్యాయమే గదా! మన హైవే పొడుగునను హోటళ్లలో, ధాబాలలో జీతమునకు వండువారు మగవారు. పెండ్లిండ్లకు వండువారు మగవారు. ఊరి దర్జీలలో పలువురు మగవారు. ఇంటిలో ఊరక చేసిన ఆడపని, వీధిలో జీతమునకు చేసిన మగపని యాయెను. మన బాలురు పదునెనిమిదవ యేట హైదరాబాదుకో బెంగుళూరుకో పోయి నలుగురు కూడి గది తీసికొని, బియ్యము ఎసట పోయుట రాక, వచ్చిన జీతములో సగము బయటి తిండికి పెట్టుచున్నారు. ఫోనులో దొరకు అప్పులకు వడ్డీ యెంతయో లెక్క కట్టలేక చిక్కుకొన్నవారును కలరు. గ్రానైటు మిల్లులో దుమ్ము పీల్చు పనికి కుదురు బాలుడు, తన ఒంటికి ఏమి తిండి కావలెనో, పని బట్టలను ఎక్కడ విడువవలెనో తెలిసికొనకూడదా?

ఇక ఉద్యోగములు. ఈ చదువు చదివిన ప్రతివారికిని కొలువు సిద్ధముగా నున్నదని నేను చెప్పిన అది అబద్ధమగును. కాని దారులు కలవు. పదవ తరగతి తరువాత ఇంటర్మీడియేటు వృత్తివిద్యలో దుస్తుల తయారీ, శిశువిద్యా శిక్షణ, ఆరోగ్య కార్యకర్తల శిక్షణ కలవు. పై చదువునకు లాం కళాశాల యున్నది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముతో అంగన్‌వాడీలు వచ్చినవి. వాటి పర్యవేక్షకురాండ్ర ఉద్యోగములకు గృహవిజ్ఞాన పట్టము అర్హతలలో నొకటి. పెద్ద ఆసుపత్రులు రోగుల పథ్యము నిర్ణయించువారిని నియమించుచున్నవి. పరిశోధనయందు ఆసక్తి గలవారికి హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. అది 1918లో కూనూరులోని పాశ్చరు సంస్థలో ఒక్క గదిలో మెక్‌కారిసన్ దొరవారి చేతిమీదుగా మొదలై, 1958లో హైదరాబాదునకు వచ్చినది. బియ్యపు పొట్టు పోగొట్టుకొని తిన్నందున కలుగు బెరిబెరి వ్యాధిని విచారించుట దాని మొదటి పని. నేటి పని యింకను చాల యున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో, 15 మొదలు 49 ఏండ్లవారిలో, నూటికి 58 మందికి పైగా రక్తహీనత గలవారని తేలినది. వారిలో మన పదవ తరగతి బాలికల అక్కలును తల్లులును ఉన్నారు. ఉదయపు ప్రార్థనవేళ కండ్లు తిరిగి కూర్చుండు బాలికలను ఉపాధ్యాయులందరును ఎఱుగుదురు.

లెక్కల గంటలు తక్కువైనవని చెప్పువారితో నాకు తగవు లేదు. సాయంకాలము బడి విడిచిన తరువాత ఇంకొక గంట పెట్టుడు. నేనును వచ్చి చెప్పెదను. ఈ రెండు గంటలను మాత్రము కదలింపవలదని ప్రధానోపాధ్యాయులవారిని, మిషను పెద్దలను వేడుకొనుచున్నాను.

వచ్చు జూన్ నెలలో బడి తెరచునప్పటికి తొమ్మిదవ తరగతి బాలురలో ఇష్టమున్నవారు తమ పేళ్లను నాకీయవచ్చును. తలిదండ్రుల సంతకము కావలెను. గదిలో రెండు పొయ్యిలు, మూడు కుట్టుమిషనులు ఉన్నవి. తూకపు యంత్రము ఒకటే యున్నది. ఇంకొకటియు, ధాన్యములోను కాయలోను తేమ కొలుచు పరికరము ఒకటియు కావలెను. తమ మిల్లులలో పాతబడినదైనను పనిచేయుచున్నది ఉన్నచో పంపిన వారికి కృతజ్ఞురాలనగుదును. సభలో ఆవకాయ మాట చెప్పిన తండ్రిగారి కోల్డుస్టోరేజీలో అట్టిది ఉన్నదని విన్నాను.