బూటులో కాగితం

బూజూ చావిస్ గురించి రాసేవాళ్ళందరూ ఒక చోట తప్పకుండా నిట్టూరుస్తారు. 1954లో ఒక్క పాటతో పేరు తెచ్చుకుని, ఆ తర్వాత మూడు దశాబ్దాలు రికార్డుల వ్యాపారానికి దణ్ణం పెట్టేసి గుర్రాలు మేపుకుంటూ కూర్చున్నాడని, అయ్యో ఎంత పాట వృథా అయిపోయిందోనని. నాకు ఆ నిట్టూర్పు దగ్గరే పేచీ. ఆయన చేసింది సరైన పనేనని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందుగా జైడెకో అంటే తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అమెరికాలో లూసియానా రాష్ట్రపు నైరుతి మూల, వరి చేలూ చెరుకు తోటలూ ఉండే చోట, ఫ్రెంచి మాట్లాడే నల్లవాళ్ళున్నారు. క్రియోల్స్ అంటారు. శనివారం రాత్రయితే ఎవరో ఒకరి ఇంట్లో సామాను బయట పెట్టేసి, ఒక అకార్డియనూ, బట్టలుతుక్కునే గరుకు రేకూ పెట్టుకుని డాన్సు చేసేవారు. వాళ్ళ ఈ సంగీతానికి తర్వాత్తర్వాత జైడెకో అని పేరు స్థిరపడింది. చిక్కుళ్ళకి వాడే ఫ్రెంచి మాట నుంచి వచ్చిందంటారు ఈ పేరు. 'చిక్కుళ్ళలో ఉప్పు లేదు' అనేది వాళ్ళ నానుడి. అందులో వేసుకోడానికి ఉప్పు మాంసం కొనే స్తోమత కూడా లేదని దానర్థం. మనవాళ్ళు గంజిలోకి ఉప్పు లేదంటారే, అదన్నమాట.

అసలు పేరు విల్సన్ ఆంథొనీ చావిస్. 1930 అక్టోబరులో లేక్ చార్లెస్ దగ్గర కౌలు రైతుల ఇంట్లో పుట్టాడు. ఆయన వాయించేది బొత్తాల అకార్డియన్. ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పకుండా ముందుకెళ్ళలేను, వృత్తి దోషం అనుకోండి :) మన పద్యనాటకాల హార్మోనియానికీ దీనికీ చుట్టరికం ఉంది, రెండింట్లోనూ గాలికి వణికే రీడ్లే. కానీ హార్మోనియంలో ఒక మెట్టుకి ఒకటే స్వరం. ఈ బొత్తాల పెట్టెలో తిత్తి నొక్కితే ఒక స్వరం, అదే బొత్తం మీద వేలుంచి తిత్తి లాగితే ఇంకో స్వరం. మౌతార్గాన్లో ఊదితే ఒకటీ పీలిస్తే ఒకటీ వచ్చినట్టు. అంచేత స్వరం మారాలంటే చెయ్యి కదలాలి, చెయ్యి కదిలితే తాళం పుడుతుంది. పాటా, దరువూ విడదీయలేం. ఇంకో సంగతి, పెట్టె ఏ శ్రుతిలో తయారైందో దాదాపు ఆ శ్రుతికే కట్టుబడి ఉండాలి. గొంతుకి సరిపోలేదని ఒక మెట్టు దించుకోవడం కుదరదు.

1954లో లేక్ చార్లెస్‌లో గోల్డ్‌బాండ్ అనే చిన్న రికార్డు కంపెనీ నడిపే ఎడ్డీ షూలర్ ఈయన్ని స్టూడియోకి తీసుకెళ్ళాడు. వెనక వాయించడానికి క్లాసీ బలూ బ్యాండుని పెట్టాడు. వాళ్ళు రిథమ్ అండ్ బ్లూస్ వాయించే కుర్రాళ్ళు, లెక్క ప్రకారం పోయే రకం. ఈయనేమో తను చెప్పదలుచుకున్నది అయిపోతే చరణం అయిపోయినట్టే అనుకునే రకం. ఆ రోజు రికార్డయిన 'పేపర్ ఇన్ మై షూ' వింటే అకార్డియన్ ఒక శ్రుతిలో, బ్యాండు ఇంకో శ్రుతిలో వినిపిస్తాయి. మా భాషలో చెప్పాలంటే ఒక్క టెస్టు కూడా పాసవలేదు, కానీ సరుకు షిప్పయిపోయింది. పైగా జనానికి తెగ నచ్చింది. లాస్ ఏంజెలెస్‌లోని ఇంపీరియల్ కంపెనీ కూడా దాన్ని తీసుకుని విడుదల చేసింది. జైడెకోలో తొలి హిట్టు అదేనని చాలామంది అంటారు. బూటుకి చిల్లు పడితే లోపల కాగితం మడిచి పెట్టుకోవడం గురించిన పాట అది. వాళ్ళకి ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు.

పాట ఆడింది గానీ తనకి రావలసిన డబ్బు రాలేదన్నది చావిస్ ఫిర్యాదు. చివరిదాకా ఆ మాట మీదే ఉన్నాడు. ఆ తర్వాత ఏదో అరాకొరా రికార్డయినా, త్వరలోనే మొత్తం వ్యవహారానికే నీళ్ళొదులుకుని, డాగ్ హిల్ అని పిలిచే తమ ఊళ్ళో పందెపు గుర్రాలకి శిక్షణ ఇచ్చుకుంటూ బతికాడు.

ఇప్పుడు నా వాదన. కళాకారుడంటే డబ్బు అడక్కూడదని మనకో నమ్మకం. చిరిగిన జేబుతో పాడుతూ చచ్చిపోతే మహానుభావుడంటాం. మన రంగస్థలం వాళ్ళకైతే ఒక శాలువా కప్పి ఇంటికి పంపించేస్తాం. చావిస్ ఆ బేరానికి ఒప్పుకోలేదు. లెక్క తేలనిచోట పని చెయ్యనన్నాడు, అంతే. ఒక మేస్త్రీ ఆ మాటంటే న్యాయమే అంటాం కదా. పాటగాడు అంటే మాత్రం 'వృథా' ఎందుకయింది?

దీనికి ఎదురు ప్రశ్న ఉంది, నాకూ తెలుసు. అదే 1954లో క్లిఫ్టన్ షెనియే కూడా తొలి రికార్డు ఇచ్చాడు. ఆయన ఆగలేదు. పియానో మెట్లున్న పెద్ద అకార్డియన్‌తో, సాక్సాఫోన్ కూడా కలుపుకుని, ఊరూరూ తిరిగి జైడెకోని యూరప్ దాకా తీసుకెళ్ళాడు, 1984లో గ్రామీ అందుకున్నాడు. మధుమేహం ముదిరి డయాలిసిస్ మీద ఉండి కూడా కచేరీలు చేశాడు. 1987 డిసెంబరులో పోయాడు. ఆయన లేకపోతే చావిస్ తిరిగొచ్చేందుకు ఒక వేదికే ఉండేది కాదని ఒప్పుకుంటాను. షెనియే గొప్పతనంలో నాకు అనుమానం లేదు. అందరూ షెనియేలా అరిగిపోవాలి అనే మాటతోనే గొడవ.

1984లో చావిస్ మళ్ళీ బయటికొచ్చాడు. ఎవడో తన పేరు చెప్పుకుని వాయిస్తున్నాడని తెలిసి వచ్చాడంటారు. అసలు మజా ఇక్కడుంది. ముప్పై ఏళ్ళ క్రితం వాయించిందే మళ్ళీ వాయించాడు! అదే బొత్తాల పెట్టె, అవే ఒకటి రెండు స్వరాల మధ్య ఊగే పాటలు, అదే ఎగుడుదిగుడు లెక్క. ఈసారి వెనక ఉన్నది అద్దె బ్యాండు కాదు, సొంత కొడుకులు. చార్ల్స్ రేకు గీకితే రెలిస్ డ్రమ్ములు కొట్టేవాడు. నాన్న ఎక్కడ మలుపు తిరుగుతాడో వాళ్ళకి పుట్టినప్పట్నుంచీ తెలుసు. 1954లో 'తప్పు'గా వినబడింది ఇప్పుడు ఎక్కడా తప్పుగా లేదు. మరి అప్పుడు తప్పెవరిదంటారు?

తలమీద తెల్ల కౌబాయ్ టోపీ, అకార్డియన్‌కి చెమట తగలకుండా ఒంటిమీద ప్లాస్టిక్ ఏప్రన్. చూడ్డానికి వంటమేస్త్రీలా ఉండేవాడు. పాటలన్నీ ఊరి సంగతులే: డాగ్ హిల్ గురించి, భార్య లియోనా ఇంట్లో జరిగిన పార్టీ గురించి, తన గుర్రం గురించి. కొన్ని పిల్లల ముందు పెట్టలేని బూతు పాటలు కూడా ఉన్నాయి, అవీ బాగా అమ్ముడుపోయాయి.

షెనియే దారిలో వెళ్ళాలంటే బోలెడు సాధన కావాలి. చావిస్ పాట విన్న కుర్రాడికి 'ఇది నేనూ వాయించగలను' అనిపించింది. బో జాక్, కీత్ ఫ్రాంక్ లాంటివాళ్ళు ఆ దరువే పట్టుకుని డాన్సు హాళ్ళు నింపేశారు. షెనియే పోయాక రాజెవరన్న గొడవలో చావిస్‌కీ, తనకంటే బాగా చిన్నవాడైన బో జాక్‌కీ పోటీ పెట్టారు. రాబర్ట్ మగ్ 1994లో దానిమీద డాక్యుమెంటరీ కూడా తీశాడు. నాకైతే ఆ కిరీటం గోల చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. చావిస్ మాత్రం సీరియస్‌గానే తీసుకున్నాడు లెండి. ముప్పై ఏళ్ళు ఊరుకున్నవాడు ఆ మాత్రం అడిగితే తప్పేముంది.

2001 మే 5న టెక్సస్‌లోని ఆస్టిన్‌లో పోయాడు. కచేరీ కోసమే వెళ్ళాడక్కడికి. డెబ్భై ఏళ్ళు. అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఆ ఏడాదే ఇచ్చారు.

వినాలనుకునేవాళ్ళు ముందు 1954 నాటి 'పేపర్ ఇన్ మై షూ' వినండి. వెంటనే 1991లో టెర్రీ ఆడమ్స్ నిర్మించిన 'బూజూ చావిస్' ఆల్బం పెట్టుకోండి. హెడ్‌ఫోన్లు వద్దు, కాస్త గట్టిగా స్పీకర్లలో పెట్టండి. పక్కింటివాళ్ళు ఏమన్నా అంటే నన్ను తిట్టుకోండి.