ఎన్ని పాయింట్లు? ఎన్ని షాట్లకు?

2016 ఏప్రిల్ 13న కోబీ బ్రయంట్ తన చివరి మ్యాచ్‌లో 60 పాయింట్లు చేశాడు. అందుకు 50 షాట్లు వేశాడు, వాటిలో 28 తప్పాయి. అదే కోబీ 2006 జనవరిలో టొరంటో మీద 81 పాయింట్లు చేసినప్పుడు వేసినవి 46 షాట్లే. అభిమానులు రెండు రాత్రులకూ ఒకేలా ఊగిపోవచ్చు. ఆటగాడి విలువ కట్టేవాళ్లకు మాత్రం అవి రెండూ ఒకటి కావు.

క్రికెట్‌లో ఎన్ని పరుగులు అనగానే ఎన్ని బంతుల్లో అని అడగడం మనకు అలవాటే. ఎన్‌బీఏ ఆటను అంకెలతో చదివే అభిమానుల పక్షం బాస్కెట్‌బాల్‌లోనూ ఆ ప్రశ్న తప్పనిసరి అంటూ తన సూత్రాలను ఇలా ప్రకటిస్తోంది.

ఒకటి: మొత్తం కన్నా రేటు ముఖ్యం. ఫ్రీ త్రోలను 0.44తో హెచ్చించి షాట్లకు కలిపి, వచ్చినదాన్ని రెట్టింపు చేసి, పాయింట్లను దానితో భాగిస్తే ట్రూ షూటింగ్ శాతం వస్తుంది. ప్రతి ఫ్రీ త్రోకూ జట్టు ఒక పూర్తి అవకాశాన్ని ఖర్చు చేయదు, అందుకే ఆ 0.44. ఈ లెక్కన టొరంటో మ్యాచ్‌లో కోబీకి దాదాపు 74 శాతం, వీడ్కోలు మ్యాచ్‌లో 54 శాతం.

రెండు: కాలాన్నీ వేగాన్నీ సరిచూడనిదే పోలిక లేదు. 1961-62లో విల్ట్ చాంబర్లేన్ సగటు 50.4 పాయింట్లు. అయితే 48 నిమిషాల ఆటలో ఎక్స్‌ట్రా టైమ్‌తో కలిపి అతను ఆడిన సగటు 48.5 నిమిషాలు, పైగా అప్పటి జట్లు బంతి అందగానే షాట్‌కు పరుగెత్తేవి. అతని గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. ఇప్పటివారితో పోల్చాలంటే మాత్రం లెక్క 100 పొసెషన్లకు, అంటే జట్టుకు బంతి దక్కిన 100 అవకాశాలకు, కట్టాలి. డీన్ ఆలివర్ 2004లో తన ‘బాస్కెట్‌బాల్ ఆన్ పేపర్’ పుస్తకంలో నొక్కి చెప్పిన పద్ధతి ఇదే.

మూడు: లెక్కించనంత మాత్రాన జరగనట్టు కాదు. ఎన్‌బీఏ బ్లాకులనూ స్టీల్స్‌నూ అధికారికంగా నమోదు చేయడం 1973-74లో మొదలుపెట్టింది. బోస్టన్‌కు 11 టైటిళ్లు గెలిచిపెట్టిన బిల్ రసెల్ అప్పటికే రిటైరయ్యాడు. డిఫెన్స్‌తో ఒక యుగాన్ని ఏలిన ఆటగాడికి రికార్డుల్లో ఒక్క బ్లాక్ కూడా లేదు! ఓక్లహోమాలో స్టీవెన్ ఆడమ్స్ ప్రత్యర్థిని ఒంటితో అడ్డుకుంటే రీబౌండ్ రసెల్ వెస్ట్‌బ్రూక్ ఖాతాలో పడేది. అలాంటి శ్రమనూ లెక్కలోకి తేవాలి.

నాలుగు: ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపూ జట్టు ఏమైందో చూడాలి. షేన్ బాటియర్ కెరీర్ సగటు 8.6 పాయింట్లే. అయినా డారిల్ మోరీ నడిపిన హ్యూస్టన్ రాకెట్స్‌కు అతను ఎంతో విలువైనవాడు. కోబీ ఎక్కడి నుంచి వేస్తే ఎక్కువగా తప్పుతాడో లెక్కలు చూసుకుని, అతన్ని ఆ చోటికే నెట్టేవాడు. బాటియర్ కోర్టులోకి దిగితే తోటివారి ఆట మెరుగయ్యేది, ఎదుటివారిది తగ్గేది. మైఖేల్ లూయిస్ 2009లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసిన కథనం వల్ల ఈ సంగతి లోకానికి తెలిసింది. అయితే ఈ లెక్కను, అంటే ప్లస్-మైనస్‌ను నేరుగా నమ్మకూడదు. గొప్ప సహచరుల పక్కన ఆడినవాడికి అది ఉచితంగా పెరుగుతుంది. తోటివారి, ప్రత్యర్థుల ప్రభావాన్ని తీసేశాకే దాన్ని వాడాలి.

ఐదు: ఏ ఒక్క అంకెకూ పట్టం కట్టకూడదు. జాన్ హోలింజర్ రూపొందించిన ప్లేయర్ ఎఫిషియెన్సీ రేటింగ్, అంటే పీఈఆర్‌లో లీగ్ సగటు ఎప్పుడూ 15. ఆటగాడి మొత్తం పనిని ఒక్క సంఖ్యలో చెప్పడం దాని సౌకర్యం. డిఫెన్స్‌లో స్టీల్స్, బ్లాకులు, రీబౌండ్లు, ఫౌళ్లకు మించి పెద్దగా చూడకపోవడం దాని లోపం. బాటియర్ లాంటివాడు అందులో మామూలు ఆటగాడిగానే మిగులుతాడు.

ఆరు: ఒక్క రాత్రితో తీర్పు చెప్పకూడదు. 2018 వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో రాకెట్స్ వరసగా 27 త్రీ పాయింటర్లకు గురి తప్పి గోల్డెన్ స్టేట్ చేతిలో ఓడింది. అంకెలవాళ్ల పని అయిపోయిందని ఎగతాళి చేసినవారు, ఆ జట్టు అదే పద్ధతితో ఆ సీజన్లో 65 మ్యాచ్‌లు గెలిచిన సంగతి మరిచారు.

ఈ సూత్రాలు ముందు ఈ పక్షానికే వర్తిస్తాయి. ఇక్కడివారు ఇద్దరు ఆటగాళ్లను పోల్చినప్పుడల్లా ఆడిన నిమిషాలు, తీసుకున్న సీజన్లు, వాడిన సూత్రం బయటపెడతారు. తమ అభిమాన ఆటగాడికి అనుకూలమైన సీజన్‌ను ఏరుకోరు. డిఫెన్స్ విషయంలో మ్యాచ్ వీడియో చూడకుండా ఎవరికీ మార్కులు వేయరు.