తోడెవరు? దారి ఎవరిది?

వచ్చే జూలైలో నేనూ మరో ముగ్గురు స్నేహితురాళ్లూ సైకిళ్ల మీద కెనడా రాకీ పర్వతాలలో జాస్పర్ నుంచి బాన్ఫ్ దాకా వెళ్లాలనుకుంటున్నాం. రెండూ జాతీయ పార్కులే. దాదాపు 290 కిలోమీటర్లు, ఆరు రోజులు. హక్కుల పత్రికలో ఈ విహారయాత్ర గొడవేమిటని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అనుకుని ఈ సంపాదకీయాన్ని రెండుసార్లు చింపేశాను.

మా అమ్మ వినగానే, "తోడెవరొస్తున్నారే?" అంది. నలుగురం ఆడవాళ్లమని చెబితే, "అంటే ఎవరూ లేరన్నమాట" అంది. పరిశోధన పేరుతో ఇరవయ్యేళ్లు ఊళ్లన్నీ ఒంటరిగా తిరిగినప్పుడు ఇంతగా అడగలేదు. పని కోసం తిరిగే స్త్రీని సమాజం ఎలాగో సహిస్తుంది. సంతోషం కోసం తిరిగే స్త్రీని లెక్క అడుగుతుంది. మన సంఘాలలో మనమూ ఒకరినొకరం అడుగుతూనే ఉన్నాం కదా.

సరే, లెక్కలకే కూర్చున్నాం. జాస్పర్ నుంచి లేక్ లూయిస్ వరకు ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే 232 కిలోమీటర్లు. సన్‌వాప్టా, బౌ కనుమలు రెండూ 2,000 మీటర్లకు పైనే. దారి పొడవునా ఫోన్లు దాదాపు పనిచేయవు. రాత్రి ఆగేది కొళాయి నీళ్లు కూడా లేని చిన్న హాస్టళ్లలో. ఎలుగుబంట్లు తిరిగే చోటు కనుక తిండి పడుకునే దగ్గర ఉంచుకోకూడదు, మిరపకారం స్ప్రే చేతికందేలా ఉండాలి. (మా అమ్మ భయం ఎలుగుబంట్ల గురించి కాదని వేరే చెప్పనక్కరలేదు.) 2024 జూలైలో కార్చిచ్చు జాస్పర్ పట్టణంలో మూడో వంతు దాకా కాల్చేసింది కాబట్టి, దారి మూసేస్తే ఏం చేయాలో కూడా రాసుకున్నాం. నెలసరి, మోకాళ్ల నొప్పులు మా గైడు పుస్తకంలో లేవు. అవీ చేర్చుకున్నాం.

మ్యాపు చూస్తుంటే ఇంకో ప్రశ్న ఎదురైంది. జాస్పర్ దగ్గరి మలీన్ సరస్సును 1908లో 'కనుగొన్నది' మేరీ షాఫర్ అంటారు. భర్త పోయాక, స్నేహితురాలితో కలిసి గుర్రాల మీద ఆ కొండలు తిరిగిన స్త్రీ. మనం గర్వంగా చెప్పుకోదగిన మనిషే. కానీ ఆమెను అక్కడికి చేర్చింది స్టోనీ తెగవాడైన శాంసన్ బీవర్ గీసిచ్చిన పటం. వాళ్ల భాషలో ఆ సరస్సుకు అప్పటికే చాబా ఇమ్నే అని పేరుంది. 1885లో మొదలైన బాన్ఫ్ పార్కులో ఆ తెగ వేటను తర్వాత నిషేధించారు. 1910లో జాస్పర్ లోయ నుంచి మేటీ కుటుంబాలను పంపించేశారు. ఆ ఇళ్ల ఆడవాళ్లు పొయ్యి ఆర్పేసి ఎటు వెళ్లారో మా గైడు పుస్తకంలో ఒక్క వాక్యం లేదు.

నల్లమలలో చెంచు స్త్రీలతో పనిచేసే మిత్రులకు ఇది పరాయి దేశపు కథలా అనిపించదు. గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరినీ తరలించకూడదని 2006 అటవీ హక్కుల చట్టం చెబుతున్నదని ఊరూరా గుర్తుచేయాల్సి వస్తున్నది వాళ్లే.

అలాగని మానుకుందామా? మాలో ఒకరు మానుకుందామనే అంది. నేను ఒప్పుకోలేదు. సంతోషాన్ని వదిలేసి అపరాధభావాన్ని మోయడం మనకు మరీ అలవాటైన పని. వాదించుకుని, ఆరు రోజులను ఏడు చేశాం. జాస్పర్ వెళ్లేముందు ఒక రోజు మోర్లీలో, స్టోనీ నకోడాల ఊళ్లో ఆగుతాం, వాళ్లకు ఇష్టమైతేనే. ఉత్తరం రాశాం. జవాబు ఇంకా రాలేదు.