మౌనంగా నిలబడిన పిల్లలు

మాట్లాడే స్వేచ్ఛ ప్రాథమిక హక్కు అని మీరు పౌరశాస్త్రంలో చదివే ఉంటారు. మాట్లాడకుండా ఉండే స్వేచ్ఛ కూడా అందులో ఉన్నదా? ఈ ప్రశ్నకు కారణం కేరళలోని ముగ్గురు బడిపిల్లలు.

వారు ఒక అన్న, ఇద్దరు చెల్లెళ్ళు. పదవ, తొమ్మిదవ, ఐదవ తరగతులు చదువుతున్నారు. బడిలో రోజూ ‘జనగణమన’ పాడేటప్పుడు అందరితోపాటు లేచి మర్యాదగా నిలబడేవారు. పాడేవారు మాత్రం కాదు. వారు ‘యెహోవా సాక్షులు’ అనే క్రైస్తవ శాఖకు చెందినవారు. తమ దేవుని ప్రార్థన తప్ప వేరే ఏ ఆచారంలోనూ పాల్గొనరాదని వారి విశ్వాసం. వారి అక్కలు కూడా అదే బడిలో చదివారు, అలాగే నిలబడ్డారు. ఎవరూ తప్పు పట్టలేదు.

1985 జూలైలో ఒక శాసనసభ్యుడు దీన్ని గమనించి సభలో ప్రస్తావించారు. ప్రభుత్వం విచారణ జరిపించింది. ఆ పిల్లలు గీతాన్ని అవమానించలేదని విచారణలోనే తేలింది. అయినా జూలై 26న పై అధికారి ఆదేశంతో ప్రధానోపాధ్యాయురాలు వారిని బడి నుంచి తీసివేశారు. ప్రభుత్వ నిర్ణయం వచ్చేదాకానైనా తరగతిలో కూర్చోనివ్వమని తండ్రి కోరితే, తన చేతిలో ఏమీ లేదన్నారు.

తండ్రి హైకోర్టుకు వెళ్ళారు. హైకోర్టు జాతీయగీతంలోని ఒక్కొక్క మాటనూ పరిశీలించి, ఇందులో ఏ మతానికీ అభ్యంతరకరమైనది లేదని కేసు కొట్టివేసింది. చూడటానికి ఇది సబబుగానే ఉంటుంది. కాని అడిగిన ప్రశ్న అది కాదు.

1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అసలు ప్రశ్నను పట్టుకున్నది. జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, జస్టిస్ ఎం.ఎం. దత్ తీర్పు ఇచ్చారు. చిన్నపరెడ్డిగారు అనంతపురం జిల్లా గుత్తిలో పుట్టినవారు. ఆ విశ్వాసం మనకు నచ్చిందా లేదా అన్నది కాదు, పిల్లలు దాన్ని నిజంగా నమ్ముతున్నారా అన్నదే చూడాలని వారన్నారు. తరువాత చాలా మామూలు ప్రశ్న ఒకటి వేశారు: పాడి తీరాలని ఏ చట్టం చెబుతోంది?

ఏ చట్టమూ చెప్పలేదు. 1971 నాటి చట్టం గీతాన్ని పాడకుండా అడ్డుకునేవారిని, పాడేటప్పుడు అలజడి చేసేవారిని శిక్షిస్తుంది. నిశ్శబ్దంగా నిలబడినవారిని కాదు. ఇక మిగిలినవి విద్యాశాఖ 1961లోను, 1970లోను పంపిన సర్క్యులర్లు. రాజ్యాంగం 19వ అధికరణం ప్రకారం మాట్లాడే స్వేచ్ఛకు హద్దు పెట్టాలంటే చట్టం కావాలి. సర్క్యులర్ చట్టం కాదు. పిల్లలను తిరిగి చేర్చుకొని, ఆటంకం లేకుండా చదువుకోనివ్వమని కోర్టు ఆదేశించింది.

బడిలో క్రమశిక్షణ వద్దా అని మీరు అడగవచ్చు. కావాలి. నేనూ ఆ గీతం పాడుతూ పెరిగినవాణ్ణే, పాడకుండా నిలబడిన పిల్లవాణ్ణి చూస్తే నాకూ మనసులో కొంత చివుక్కుమంటుంది. కాని నా మనసు చివుక్కుమనడం ఒక పిల్లవాడి చదువు ఆపడానికి కారణం కాకూడదు. ఆ పిల్లలు ఎవరి పాటకూ అడ్డు రాలేదు కదా!

ఇలాంటి విషయాల్లో కోర్టులు కూడా తడబడతాయి. సినిమాహాళ్ళలో జాతీయగీతం తప్పనిసరిగా వినిపించాలని 2016 నవంబరు 30న సుప్రీంకోర్టే ఆదేశించింది. 2018 జనవరి 9న, తప్పనిసరి కాదని తానే సవరించుకున్నది.

కేరళ కేసులో నన్ను ఇప్పటికీ బాధించేది తేదీలు. పిల్లలను తీసివేసిన రోజుకూ తీర్పు వచ్చిన రోజుకూ మధ్య ఏడాది దాటింది. ఆ అధికారి చట్టం పుస్తకం ఒక్కసారి తెరిచి చూసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. చదువు మధ్యలో ఆగిన ఏడాది ఎంత పెద్దదో మీకు నేను చెప్పనవసరం లేదు. పదవ తరగతి చదివే ఆ అన్నకు పబ్లిక్ పరీక్షల కాలం ఆ మధ్యలోనే వచ్చి వెళ్ళిపోయింది.