రెండు నిమిషాల చీకటి

1980 ఫిబ్రవరి 16, శనివారం. ఆ మధ్యాహ్నం చంద్రుడి నీడ రాయచూరు మీదుగా వచ్చి, నల్లగొండ, ఖమ్మం దాటి పూరీ వైపు సాగిపోయింది. అప్పటికి బడి ఈడున్న వాళ్లను కదిపి చూడండి. ఎక్కువమందికి గుర్తున్నవి గడియ పెట్టిన తలుపులు, నీళ్లబిందెలో వేసిన దర్భలు, చీకటి గదిలో కదలనివ్వకుండా పడుకోబెట్టిన నిండు చూలాలు. బొంబాయిలో ఇంగ్లండ్‌తో జరుగుతున్న టెస్టుకు కూడా ఆ రోజు విశ్రాంతి ఇచ్చారు.

బయట నిలబడ్డ కొద్దిమంది చెప్పేది వేరు. ఎండ పలచబడింది గానీ అందులో సాయంత్రపు ఎరుపు లేదు. చెట్ల కింద పడే వెలుగుచుక్కలన్నీ నెలవంకలయ్యాయి. గాలి చల్లబడింది. కాకులు గోలగోలగా గూళ్లకు మళ్లాయి. పడమటి నుంచి నీడ ముంచుకొచ్చింది. ఆఖరి వెలుగు ఉంగరంలో రాయిలా ఒక్కసారి మెరిసి ఆరిపోయాక, సూర్యుడున్న చోట నల్లటి బిళ్ల, దాని చుట్టూ తెల్లటి ప్రభామండలం, అదే కరోనా! సూర్యుడు మహా చురుగ్గా ఉన్న కాలం అది. అందుకే కరోనా అన్ని వైపులకూ విచ్చుకుంది. పట్టపగలే శుక్రుడు కనిపించాడు. జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు పరికరాలు సిద్ధం చేసుకుని కూర్చున్నది ఆ రెండు నిమిషాల కోసమే.

పట్టు స్నానం, విడుపు స్నానం చేసేవాళ్లను నేను తప్పు పట్టను. కళ్లు పోతాయన్న భయమూ ఉత్తది కాదు; సూర్యుడి అంచు ఇసుమంత కనిపిస్తున్నా గ్రహణం కళ్లద్దాలు ఉండాల్సిందే. అయితే బింబం పూర్తిగా మూసుకుపోయిన ఆ కాసేపు మాత్రం వట్టి కళ్లతో చూడవచ్చు. ఈ ఒక్క ముక్క ఆనాడు ఊరూరా చాటింపు వేసి ఉంటే ఎందరు పిల్లలు గుమ్మం దాటేవాళ్లో! ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు. ఎందుకంటే ఒకే చోటికి సంపూర్ణ గ్రహణం మళ్లీ రావాలంటే సగటున మూడు వందల ఏళ్లకు పైనే పడుతుంది. వాళ్ల ముంగిట్లోకి అది ఇక రాదు.

డాలస్‌లోని తెలుగువాళ్లకు 2024 ఏప్రిల్ 8న పెరట్లోనే ఆ అవకాశం దొరికింది. ఈసారి వంతు జెడ్డాది. 2027 ఆగస్టు 2, సోమవారం, నడి మధ్యాహ్నం అక్కడ దాదాపు ఆరు నిమిషాలు చీకటి పడుతుంది. మన దేశంలోనే చూడాలంటే 2034 మార్చి 20న లదాఖ్ దాకా వెళ్లాలి. జెడ్డాలో కూలికో డ్రైవరు పనికో వెళ్లిన మనవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఈ తేదీ ఫోన్లో చెప్పండి. ఆ రోజు ఒక గంట సెలవు ముందే అడిగి పెట్టుకోమనండి. కళ్లద్దాలు ఇక్కడి నుంచి మీరే పంపండి.