పక్షులకు నిధులు సరే.. కావలివాడికి కూలేదీ?

బరంపురం నుంచి రంభ మీదుగా భువనేశ్వర్ వెళ్లే తెలుగువారికి చిలికా కొత్త కాదు. ఏటా జనవరిలో అక్కడ పక్షుల్ని లెక్కిస్తారు. 2025లో 11 లక్షలు దాటాయి. సంతోషమే. మరి వాటిని కాసేదెవరు?

సరస్సు ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి ఉంది. ఒకప్పుడు పక్షుల వేటకు పేరుమోసిన ఊరు. 2000లో ఆ వేటగాళ్లే ‘శ్రీశ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి’ పెట్టుకుని కావలికి దిగారు. తర్వాత ఆర్‌బీఎస్ ఫౌండేషన్ సాయంతో పర్యాటకం వచ్చింది. నిన్నటి వేటగాడు గైడయ్యాడు, పడవ నడిపాడు. సొమ్ము ఊరి మనిషి చేతికి చేరింది కనుకే నిలబడింది.

చిక్కల్లా ఎండాకాలంతోనే. చలికాలం పోతే వలస పక్షులూ ఉండవు, చూసేవాళ్లూ రారు. పడవ ఒడ్డున పడుంటుంది. 2020లో కరోనా వచ్చి ఉన్న ఆదాయమూ ఆగింది. కానీ నీళ్ల మీంచి దూకి చేపను పట్టే టెర్న్ పక్షులు చిలికాలోని నలబన దీవిలో నేలమీద గుడ్లు పెట్టేది ఆ ఎండల్లోనే. ఎవరు తొక్కినా పోతాయి. కాపలా అప్పుడే కావాలి.

గ్రాంట్లేమో రెండేళ్లకో మూడేళ్లకో అయిపోతాయి. టవరు కడితే ఫొటోలో పడుతుంది, బోర్డు పెడితే దాత పేరు కనిపిస్తుంది. కావలి కూలికి ఆ యోగం లేదు. ఇకనైనా చిలికా పక్షుల పేరిట వచ్చే ప్రతి గ్రాంటులో ఎండాకాలపు కూలిని ముందే విడిగా తీసిపెట్టాలి. టవరు సంగతి తర్వాత చూడొచ్చు.