నిల్వ ధర్మమే.. వృథాయే దోషం

అన్నాన్ని పరబ్రహ్మ స్వరూపంగా భావించే సంప్రదాయం మనది. విస్తరిలో మెతుకు వదిలితే పిల్లలను మందలిస్తాం. మరి పురుగు పట్టిన రవ్వ ప్యాకెట్టును చెత్తబుట్టలో వేసేటప్పుడు మనల్ని మందలించేది ఎవరు? ఈ రోజు ఒక్కసారి మీ వంటింటి డబ్బాల మూతలు తీసి చూడండి. పోయిన పండుగకు తెచ్చిన శనగపిండి ముక్కవాసన వేస్తూ కనిపించవచ్చు. ఇంట్లో ఉందో లేదో చూసుకోకుండా కొన్న కందిపప్పు మరో రెండు కిలోలు బయటపడవచ్చు. చౌకగా వచ్చిందని కొన్న సరుకును చివరకు పారబోస్తే అది చౌక ఎలా అవుతుంది?

'రేపటి సంగతి భగవంతుడే చూసుకుంటాడు, ఇంట సరుకు దాచుకోవడం ఆశ కాదా?' అని కొందరు ప్రశ్నిస్తారు. మనుస్మృతి నాలుగో అధ్యాయం విప్ర గృహస్థులకు ఈ విషయంలో నాలుగు మార్గాలు చెప్పింది. గాదె నిండా ధాన్యం ఉంచుకునేవాడు కుసూలధాన్యకుడు. కుండ నిండా ఉంచుకునేవాడు కుంభీధాన్యకుడు. మూడు రోజులకు సరిపడా ఉంచుకునేవాడు త్ర్యహైహికుడు. రేపటికంటూ ఏమీ మిగుల్చుకోనివాడు అశ్వస్తనికుడు. తక్కువ దాచినవాడినే శ్రేష్ఠుడన్నా, గాదె నింపుకున్నవాడిని తప్పుపట్టలేదు. పిల్లాపాపలు, వచ్చేపోయే అతిథులు ఉన్న ఇంటికి నిల్వ అవసరమే. అయితే ఆ నిల్వకు ఒక కొలత ఉండాలి.

మన పెద్దలకు ఆ కొలత తెలుసు. వేసవి ముంగిట కొత్త చింతపండు, ఎండుమిరపకాయలు రాగానే ఏడాదికి సరిపడా కొనేవారు. చింతపండు గింజలు తీసి, ఉప్పు చల్లి జాడీలో అదిమి పెట్టేవారు. కందిపప్పుకు ఆముదం పట్టించేవారు. బియ్యంలో ఎండిన వేపాకు వేసేవారు. పంట చేతికొచ్చిన వేళ కొనడం వల్ల ధర కలిసొచ్చేది. ఎండబెట్టి జాగ్రత్త చేయడం వల్ల సరుకు నిలిచేది. ఆదా రహస్యమంతా ఈ రెంటిలోనే ఉంది.

నేటి ఇళ్లలో అంత చోటు లేకపోవచ్చు. నెల సరుకుల విషయంలోనైనా ఆ నియమం పాటించవచ్చు కదా! బజారుకు బయలుదేరే ముందు ఇంట్లో ఏమున్నదో చూసి చీటీ రాసుకోండి. పాత సరుకుపై కొత్తది పోయకండి. పాతది అయ్యాకే కొత్తది విప్పండి. పిండి, రవ్వ త్వరగా పాడవుతాయి కనుక నెలకు మించి తెచ్చుకోకండి.

మరొక్క మాట. వంటకు ముందు ప్రతి ఇల్లాలూ పిడికెడు బియ్యం పేదల కోసం తీసి ఉంచాలని కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతి స్వామివారు ప్రబోధించారు. ఆ పిడికెడు తీయడానికి రోజూ డబ్బా మూత తెరవాలి. అప్పుడు ఉన్నదెంతో కళ్లకు కనిపిస్తుంది, లేనివారూ గుర్తుకొస్తారు. అలా తెరిచే డబ్బాలో పురుగుకు చోటుండదు. తెరిచే మనసులో లోభానికీ చోటుండదు.